అడిగి తీసుకున్నదీ, అందరికీ పంచినదీ

పరిశోధకులు ఈనాడు రెండు ధర్మాల గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. మొదటిది: మనిషిని అడగకుండా, అతనికి అర్థమయేటట్టు చెప్పకుండా, అతని మీద పరిశోధన చెయ్యరాదు. రెండోది: పరిశోధనలో పోగైన సమాచారాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యరాదు; అది అందరికీ అందాలి. రెండూ మంచి మాటలే. రెండూ ఎవరో దయతలచి ప్రసాదించినవి కావు. ఘర్షణ పడి సాధించుకున్నవి. కాని ఇవి ఒకదానికొకటి ఎదురుపడిన సందర్భాలున్నాయి. అప్పుడు ఏది నెగ్గింది, ఎవరు నష్టపోయారు అన్నది చరిత్ర. నేను చెప్పదలచుకున్నది ఆ చరిత్రే.

సాహిత్య పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పాటలు సేకరించేవాళ్ళూ, ఉద్యమంలో పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసేవాళ్ళూ, ఊళ్ళో ముసలివాళ్ళ చేత కథలు చెప్పించుకుని సిద్ధాంత వ్యాసాలు రాసేవాళ్ళూ మనలోనే ఉన్నారు. రక్తం తీసుకున్నా, పాట తీసుకున్నా, తీసుకోవటం తీసుకోవటమే. కాబట్టి వైద్యరంగంలో జరిగింది మనకు పరాయి కథ కాదు.

సమ్మతి ఎలా పుట్టింది

1946 డిసెంబరులో న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యుల విచారణ మొదలైంది. ముద్దాయిలు 23 మంది. అందులో 20 మంది డాక్టర్లు. నిర్బంధ శిబిరాల్లోని ఖైదీలను మంచునీళ్ళలో ముంచీ, రోగాలు ఎక్కించీ వాళ్ళు ప్రయోగాలు చేశారు. 1947 ఆగస్టులో వచ్చిన తీర్పు 16 మందిని దోషులుగా తేల్చింది, ఏడుగురిని ఉరితీశారు. మనుషుల మీద ప్రయోగాలకు ఉండవలసిన పది నియమాలను ఆ తీర్పులోనే రాశారు. వాటిలో మొదటిది, ప్రయోగానికి గురయే మనిషి స్వచ్ఛందంగా ఇచ్చే సమ్మతి. న్యూరెంబర్గ్ నియమావళి అనేది ఇదే.

దీన్ని పొగిడేవాళ్ళు సాధారణంగా ఒక విషయం మరిచిపోతారు. సమ్మతి లేకుండా కొత్త చికిత్సలూ ప్రయోగాలూ చెయ్యరాదని జర్మనీ ప్రభుత్వం 1931లోనే ఉత్తరువు జారీ చేసింది. నాజీలు అధికారానికి వచ్చింది 1933లో. అంటే నియమం లేక ఆ ఘోరాలు జరగలేదు. నియమం ఉండగానే జరిగాయి. ఎవరి సమ్మతి అవసరమో ఆ మనుషులను మనుషుల లెక్కలోంచి తీసేస్తే, సమ్మతి అనే మాటకు అర్థమే ఉండదు.

నాజీలకు శిక్ష వేసిన దేశంలో జరిగింది కూడా చూడాలి. అలబామా రాష్ట్రంలోని టస్కెగీలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ 1932లో ఒక పరిశీలన మొదలుపెట్టింది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులనూ, అది లేని మరో 201 మందినీ ఎంచుకుంది. చికిత్స లేకపోతే రోగం ఎలా ముదురుతుందో చూడటం దాని ఉద్దేశం. పెన్సిలిన్ వచ్చి దేశమంతటా వాడకంలోకి వచ్చిన తరవాత కూడా వాళ్ళకు ఇవ్వలేదు. ఇది 1972 వరకూ సాగింది. పత్రికల్లో బయటపడ్డాకనే ఆగింది. 1964 నాటి హెల్సింకీ ప్రకటన అప్పటికే ఎనిమిదేళ్ళ పాతది. టస్కెగీ బయటపడిన ఫలితంగా అమెరికాలో 1974లో చట్టమూ, 1979లో బెల్మాంట్ నివేదికా వచ్చాయి.

ఈ నియమాలన్నిటి వెనకా ఒక చిత్రం ఉంది. ఒక డాక్టరూ, ఆయన ఎదట ఒక మనిషీ, వాళ్ళ మధ్య ఒక ప్రయోగం. ప్రయోగం మొదలవుతుంది, పూర్తవుతుంది. మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు. తన నుంచి తీసినది ఆ గది దాటి పోతుందనీ, యాభై ఏళ్ళ తరవాత తనెవరో ఎరగనివాడి చేతిలో పడుతుందనీ ఆ చిత్రంలో లేదు.

బహిరంగం అనే విలువ

ఇక రెండో ధర్మం. మనిషి జన్యుపటాన్ని పూర్తిగా చదవాలని 1990లో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి పూనుకున్నారు. 1996లో వాళ్ళు బెర్ముడాలో సమావేశమై, చదివిన జన్యుక్రమాన్ని 24 గంటల్లోగా అందరికీ ఉచితంగా విడుదల చెయ్యాలని నిర్ణయించుకున్నారు. ఇందుకు గట్టిగా నిలబడినవాళ్ళలో ఇంగ్లండుకు చెందిన జాన్ సల్‌స్టన్ ముఖ్యుడు. 1998లో సెలెరా అనే ప్రైవేటు కంపెనీ పోటీకి దిగింది. జన్యువుల మీద పేటెంట్లు రాసుకుని అమ్ముకునే ప్రయత్నాలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. అలాంటప్పుడు జన్యుక్రమాన్ని ఏ రోజుది ఆ రోజు బజార్లో పెట్టటమంటే, అది ఎవరి సొంత ఆస్తీ కాకుండా అడ్డం నిలవటమే. దీన్ని అభ్యుదయకరమైన పని కాదనటానికి నాకు నోరు రాదు.

మందుల కంపెనీల వ్యవహారంలోనూ ఇంతే. ఫ్లూ జ్వరానికి వాడే టామిఫ్లూ మందు కోసం ప్రభుత్వాలు కోట్లు పోసి నిలవలు పెట్టుకున్నాయి. ఆ మందు మీద జరిగిన పరీక్షల పూర్తి నివేదికలు చూపించమని కాక్రేన్ సంస్థ పరిశోధకులు 2009లో అడిగారు. రోష్ కంపెనీ వాటిని పూర్తిగా ఇచ్చేసరికి 2013 వచ్చింది. 2014లో ఫలితం ప్రకటిస్తే, ఆ మందు రోగ లక్షణాలను తగ్గించే కాలం పెద్దవాళ్ళలో సగం రోజుకు కొంచెం ఎక్కువ మాత్రమేనని తేలింది. దాచిన సమాచారం ప్రజలకు ఎంత ఖరీదవుతుందో చెప్పటానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి సమ్మతి గురించి మాట్లాడేవాడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రోగుల గుట్టు కాపాడుతున్నామనే మాట కంపెనీ తన గుట్టు కాపాడుకోవటానికి తెర కాకూడదు. కాని ఇందులోంచే రెండో ప్రశ్న పుడుతుంది. కంపెనీ తన పుస్తకాలు తెరవాలనటమూ, పేదవాడి శరీరాన్ని తెరవాలనటమూ ఒకటేనా?

జన్యుపటం పథకంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో 1997లో పత్రికా ప్రకటన వేసి, రక్తం ఇవ్వటానికి ముందుకొచ్చిన స్వచ్ఛంద దాతలను ఎంచుకున్నారు. తుది జన్యుపటంలో ఏ ఒక్కరి వాటా పదోవంతు మించబోదని సమ్మతి పత్రంలో చెప్పారు. తీరా అచ్చయిన జన్యుపటంలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క మనిషిదే. ఆయన నమూనా పనికి బాగా అనువుగా వచ్చింది; పని తొందర ఉంది. ఇక్కడ దుర్మార్గులెవరూ లేరు. అయినా మాట తప్పింది. సమాచారం 24 గంటల్లో ప్రపంచమంతా పాకుతున్నప్పుడు దిద్దుకునే వ్యవధి కూడా లేదు.

ఒక స్త్రీ కణాలు

ఈ రెండు ధర్మాలూ ముఖాముఖి తలపడిన కథ హెన్రియెటా లాక్స్‌ది. వర్జీనియాలో పొగాకు పొలాల్లో పనిచేసి పెరిగిన నల్లజాతి స్త్రీ ఆమె. 1951లో గర్భాశయ ముఖద్వారానికి కాన్సరు వచ్చి బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో చేరింది. చికిత్స చేస్తూ డాక్టరు కొంత కణజాలం కోసి పరిశోధనకు పంపాడు. ఆమెకు చెప్పలేదు. అప్పటి ఆచారమే అది. ఆమె ఆ ఏడు అక్టోబరు 4న చనిపోయింది. వయసు 31. అయిదుగురు పిల్లలు.

ఆమె కణాలు మాత్రం చావలేదు. శరీరం బయట, గాజు గొట్టాల్లో, ఆగకుండా పెరిగిన మొదటి మానవ కణాలు అవే. వాటిని పెంచిన జార్జ్ గై అనే శాస్త్రజ్ఞుడు పేటెంటు తీసుకోలేదు. అడిగినవారికల్లా ఉచితంగా పంపాడు. అంటే బహిరంగంగా పంచటమనే ధర్మాన్ని ఆయన పాటించాడు. పోలియో టీకాను పరీక్షించటానికి ఆ కణాలు కుప్పలు తెప్పలుగా కావలసివచ్చాయి. వాటిని పెద్ద ఎత్తున పెంచింది టస్కెగీ విద్యాసంస్థలోనే. అదే ఊరి చుట్టుపక్కల సిఫిలిస్ రోగులకు మందు ఇవ్వకుండా పరిశీలిస్తున్న కాలంలోనే. కణాలను అమ్ముకునే కంపెనీలు తరవాత పుట్టాయి. ఉచితంగా పంచినది పదిమందికీ చేరినట్టే, వ్యాపారికీ చేరింది.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్న తీరు. మొదట బయటికి వెళ్ళినవి పేరు లేని కణాలు. హీలా అనే గుర్తు మాత్రం ఉంది. తరవాత అసలు పేరు బయటికొచ్చింది. 1973 ప్రాంతంలో పరిశోధకులు ఆమె పిల్లల దగ్గిరికి వచ్చి రక్తం తీసుకున్నారు. తల్లి కణాలు బతికే ఉన్నాయని కుటుంబానికి తెలిసింది అప్పుడే, తల్లి పోయిన ఇరవై ఏళ్ళు దాటాక. రక్తం తీసినది తమకు కాన్సరు ఉందో లేదో చూడటానికని వాళ్ళు అనుకున్నారు. తీసినవాళ్ళ అవసరం వేరు. 1985లో ఒక పుస్తకంలో ఆమె ఆస్పత్రి కాగితాల్లోని వివరాలు అచ్చయ్యాయి. చివరకు 2013 మార్చిలో, జర్మనీలోని హైడల్‌బర్గ్ పరిశోధకులు హీలా కణాల జన్యుక్రమాన్నంతా చదివి, ఎవరైనా తీసుకోవచ్చునని బహిరంగంగా పెట్టేశారు. వాళ్ళు ఏ చట్టమూ ఉల్లంఘించలేదు. అప్పటి పద్ధతుల ప్రకారం వాళ్ళు చేసింది మెచ్చుకోదగ్గ పనే. కాని ఆ జన్యుక్రమంలో ఉన్నది హెన్రియెటా ఒక్కతే కాదు. ఆమె బిడ్డలూ, మనమలూ ఉన్నారు. వాళ్ళకు రేపు ఏ జబ్బు రావచ్చుననే సూచనలు ఉన్నాయి. వాళ్ళను ఎవరూ అడగలేదు.

కుటుంబం అభ్యంతరం చెప్పింది. పరిశోధకులు ఆ డేటాను వెనక్కి తీసుకున్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ అధిపతి ఫ్రాన్సిస్ కాలిన్స్ కుటుంబంతో కూర్చుని మాట్లాడాడు. పూర్తిగా బయటపెట్టటం, పూర్తిగా దాచటం, అడిగినవారి ఉద్దేశం చూసి ఇవ్వటం అనే మూడు దారులు వాళ్ళ ముందు పెట్టారు. ఆ కుటుంబం మూడోదాన్ని ఎంచుకుంది. 2013 ఆగస్టులో కుదిరిన ఆ ఒప్పందం ప్రకారం, డేటా కోరేవారి దరఖాస్తులను ఆరుగురు సభ్యుల సంఘం చూస్తుంది. అందులో ఇద్దరు లాక్స్ కుటుంబం వారు. కణాలతో వ్యాపారం చేసిన థెర్మో ఫిషర్ కంపెనీ మీద ఆమె వారసులు 2021లో దావా వేశారు. 2023లో రాజీ కుదిరింది.

అరవై రెండేళ్ళ తరవాత ఆ కుటుంబానికి దక్కినది బల్ల దగ్గిర రెండు కుర్చీలు. చాలామంది దీన్ని చిన్న విషయమనుకుంటారు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద విషయం. ఎందుకంటే ఆ కుటుంబం సైన్సును ఆపమనలేదు. తాళం వెయ్యమనలేదు. తలుపు దగ్గిర తమను కూడా నిలబడనివ్వమన్నది. ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే సైన్సు ముందుకు సాగదనేవారికి ఇదే జవాబు.

పేరు చెరిపేస్తే చాలునా

పేర్లు తీసేసి పంచితే ఇబ్బంది ఉండదు కదా అని ఒక వాదన ఉంది. సమ్మతి పత్రాల్లో సర్వసాధారణంగా కనిపించే హామీ కూడా ఇదే: మీ పేరు ఎక్కడా రాదు. ఈ హామీ ఎంత గట్టిదో చూద్దాం.

మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చింది. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 1997 ప్రాంతంలో కేంబ్రిడ్జి నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, పుట్టిన తేదీ, పోస్టల్ సంఖ్య, ఆడా మగా అనే మూడు వివరాలతో రెండిటినీ సరిపోల్చింది. సాక్షాత్తూ ఆ రాష్ట్ర గవర్నరు ఆస్పత్రి రికార్డు బయటపడింది. 2013లో మరొక బృందం, బహిరంగంగా ఉన్న పేరులేని జన్యుక్రమాలను తీసుకుని, వంశవృక్షాలు వెతికేవారి కోసం ఉన్న సమాచారంతో పోల్చి, ఇంటిపేర్లు పట్టుకుంది. దాదాపు 50 మంది ఎవరెవరో చెప్పగలిగింది. మనిషి జన్యువులే అతని ఇంటిపేరు చెపుతున్నప్పుడు పేరు చెరిపి లాభమేమిటి?

అంటే నిలబెట్టుకోలేని మాట ఇచ్చి సంతకం తీసుకోవటం జరుగుతున్నది. తెలిసి ఇచ్చిన సమ్మతి అనాలంటే, తీసుకునేవాడికి తెలిసిన చెడు కూడా ఇచ్చేవాడికి తెలియాలి. మీరెవరో ఎవరికీ తెలియదని కాక, తెలిసిపోయే అవకాశం ఉంది, ఒకసారి బయటికి పోయాక తిరిగి తెచ్చుకోలేము అని చెప్పాలి. అప్పుడు కొంతమంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోవటానికి వీలున్నప్పుడే ఒప్పుకున్నామన్న మాటకు విలువ.

ఒక జాతి మొత్తానికి తగిలే దెబ్బ

హవసుపాయి అనే చిన్న ఆదివాసీ జాతి అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే మహా లోయ అడుగున నివసిస్తుంది. వాళ్ళలో మధుమేహం విపరీతం. 1990 ప్రాంతంలో ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు మధుమేహం కారణాలు కనుక్కుంటామని చెప్పి రక్తం తీసుకున్నారు. సమ్మతి పత్రంలో మాత్రం రోగాలనూ ప్రవర్తనకు సంబంధించిన రుగ్మతలనూ అధ్యయనం చేస్తామని విశాలంగా రాసుకున్నారు. ఆ రక్తం చేతులు మారింది. స్కిజోఫ్రీనియా మీదా, మేనరికాల వంటి దగ్గరి పెళ్ళిళ్ళ మీదా, ఆ జాతి ఎక్కడినుంచి వలస వచ్చిందన్నదాని మీదా పరిశోధనలు జరిగాయి. తమ పుట్టుక ఆ లోయలోనే అని వాళ్ళ నమ్మకం. ఆ నేలమీద తమ హక్కుకు అదే పునాది అని కూడా వాళ్ళు భావిస్తారు.

ఈ సంగతి 2003లో, ఆ జాతికి చెందిన ఒక స్త్రీ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసానికి హాజరై ప్రశ్న వేస్తే బయటపడింది. కోర్టుకు వెళ్ళారు. 2010లో రాజీ కుదిరింది: 41 మందికి ఏడు లక్షల డాలర్లూ, మిగిలిన రక్తం నమూనాలూ తిరిగి ఇచ్చారు. వెనక్కి వచ్చిన రక్తం కోసం ఆ జాతివారు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక్కొక్క మనిషి పేరూ బయటికి రాలేదు. అయినా అందరికీ దెబ్బ తగిలింది. సంతకం వ్యక్తిది, ఫలితం జాతిది. ఈ తేడాను న్యూరెంబర్గ్ నియమాలు ఊహించలేదు. ఊహించినవాళ్ళు ఆ దెబ్బలు తిన్నవాళ్ళే. 2017లో దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు తమ దగ్గిరికి వచ్చే పరిశోధకులు పాటించవలసిన నియమావళిని తామే రాశారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అనేవి దాని సూత్రాలు. 2019లో వివిధ దేశాల ఆదివాసులు తమ డేటా మీద తమ అధికారాన్ని ప్రకటించే సూత్రాలను విడుదల చేశారు. పరిశోధనకు వస్తువుగా ఉన్నవాళ్ళు నియమాలు రాసేవాళ్ళుగా మారారు. ఈ చరిత్రలో నాకు ఆశ కలిగించే ఘట్టం ఇదే.

మన సంగతి

ఇది పరదేశాల వ్యవహారమని మనం తప్పించుకోలేము. 2008లో మొదలై 2015లో ముగిసిన వెయ్యి జన్యుపటాల పథకంలో ప్రపంచం నలుమూలలకు చెందిన 2,504 మంది జన్యుక్రమాలను బహిరంగంగా పెట్టారు. అందులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు 102 మంది ఉన్నారు. పేర్లు లేవు, వైద్య చరిత్ర లేదు. జన్యుక్రమం అందరికీ బహిరంగమవుతుందని ముందే చెప్పి తీసుకున్నారు. పద్ధతి ప్రకారం జరిగింది కనక నాకు ఆక్షేపణ లేదు. నేను వేసే ప్రశ్న ఒకటే. ఇవాళ ఏ దేశపు విద్యార్థి అయినా "తెలుగువారు" అని లెక్క వేసినప్పుడు ఆ లెక్కలో ఉన్నది ఈ 102 మంది. సీమ దాటి వెళ్ళగలిగిన కుటుంబాలవాళ్ళు కోట్ల మందికి ప్రతినిధులయ్యారు. తెలుగు అనేది మనకు ఒక భాష, ఎన్నో కులాలూ తెగలూ కలిసి మాట్లాడే భాష. అక్కడ అది రక్తానికి కట్టిన చీటీ అయింది. ఈ చీటీకి సమ్మతి ఎవరు ఇచ్చినట్టు?

దీనికి రెండో కొస ఖమ్మం జిల్లాలో ఉంది. ఇక్కడ డేటా పంచటం కాదు, సమ్మతే సమస్య. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఈ జిల్లాలో, పాత్ అనే అమెరికన్ సంస్థ గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే టీకాను 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయించే అధ్యయనం జరిపింది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం చెప్పలేదు. కాని సమ్మతి పత్రాల సంగతి వేరు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవీ ప్రధానోపాధ్యాయులవీ. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని తీవ్రంగా ఖండించింది. బ్రిటన్‌లోని తెలుగువాడు చదివి సంతకం పెట్టాడు. భద్రాచలం ప్రాంతపు పిల్ల బదులు వార్డెను పెట్టాడు. సమ్మతి అనే ఒక్క మాట వెనక ఇంత దూరం ఉంది.

ఇక మన పని. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల్లో చెంచుల మధ్యా, కొండరెడ్ల మధ్యా, ఆదిలాబాదు గోండుల మధ్యా తిరిగి తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రపడి, ఈనాడు ఎక్కడివారైనా చూడగలిగేటట్టు బయటికి వచ్చాయి. వాటి విలువ నేను ఎరుగుదును. అవి దాగి ఉండాలని కోరను. కాని ఆ బొమ్మల్లోని మనిషి కెమెరా ముందు నిలబడినప్పుడు నిలబడింది ఎదటనున్న ఒక మనిషికోసం. ప్రపంచం కోసం కాదు. అతని మనమలకు ఆ బొమ్మలు మొదట చేరాలి, అక్కడ రాసిన పేర్లు సరిదిద్దే హక్కు వాళ్ళకుండాలి. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" చెప్పించింది. అలాంటి పనికి పూనుకునే నేటి విద్యార్థి చేతిలో పుస్తకం ఒక్కటే లేదు. గొంతు గొంతుగానే లోకమంతా పంపే సాధనం ఉంది. రహస్య జీవితంలో ఎవరింట్లో తలదాచుకున్నదీ, ఎవరు పట్టిచ్చిందీ చెప్పే గొంతు అది. చెప్పినామె ఒప్పుకుంది సరే. పట్టిచ్చినవాడి మనమరాలు అదే ఊళ్ళో బడికి పోతున్నది, ఆమె మాటేమిటి?

ఈ చరిత్రలోంచి నేను తీసుకున్న పాఠం ఇది. సమ్మతి ఒక కాగితం కాదు, ఒక సంబంధం. కాగితం ఒక్క రోజుది. సంబంధానికి రేపు కూడా ఉంటుంది. మనం పాట తీసుకునేటప్పుడే ఇది ఎంతదూరం పోతుందో చెప్పాలి. ఆ మనిషి మాట్లాడే భాషలో, గోండీ అయితే గోండీలో, చెప్పాలి. వెనక్కి తీసుకోగలిగినంత వరకూ తీసుకోనివ్వాలి. తీసుకోలేని క్షణం ఎప్పుడొస్తుందో ముందే చెప్పాలి. అన్నీ తెరవటమూ అన్నీ మూయటమూ కాక నడుమ ఒక గడప ఉంటుంది. ఆ గడప దగ్గిర ఇచ్చినవాళ్ళు కూడా కూర్చోవాలి.

జ్ఞానం అందరిదీ కావాలని అభ్యుదయవాదులందరితో పాటు నేనూ అంటాను. కాని అందరిలో ఇచ్చినవాడు కూడా ఒకడు. అతన్ని వదిలేసి మిగిలినవాళ్ళు పంచుకునేదాన్ని బహిరంగం అనటానికి వీల్లేదు. పొలం దున్నినవాడికి గింజ దక్కకపోతే అన్యాయమని మన సాహిత్యం ఎన్నడో చెప్పింది. మాట ఇచ్చినవాడికీ, రక్తం ఇచ్చినవాడికీ కూడా అదే న్యాయం వర్తిస్తుంది.